₹30,000 బడ్జెట్‌లో ప్లాస్మా కట్టర్: ముందు సాకెట్టూ కంప్రెసరూ చూసుకోండి

ప్రశ్న: కాకినాడలో ఇంటి వెనక చిన్న రేకుల షెడ్డు వేసుకుని, సెలవు రోజుల్లో పాత ఇనుముతో బెంచీలు, గేటు డిజైన్లు, తోట బొమ్మలు చేస్తుంటాను. 200 యాంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్, గ్రైండర్లు ఉన్నాయి. పెయింటింగ్ కోసం కొన్న 1 హెచ్‌పీ, 25 లీటర్ల కంప్రెసర్ కూడా ఉంది. షెడ్డులో ఉన్నది 16 యాంప్స్ సాకెట్. ఆన్‌లైన్‌లో ఒక కట్-50 ప్లాస్మా కట్టర్ చూశాను, 16 ఎంఎం దాకా కోస్తుందని రాశారు. ₹30,000 లోపు పెట్టగలను. అది తీసుకోవచ్చా? నా కంప్రెసర్ సరిపోతుందా? వెల్డింగ్, టిగ్ (ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్), కటింగ్ మూడూ ఒకే దాంట్లో వచ్చే మెషిన్ నయమా?

సమాధానం:

కట్-50 వద్దండీ. కట్-40 తీసుకోండి, అది కూడా పైలట్ ఆర్క్ (లోహానికి తగలకుండానే ముందుగా పుట్టే చిన్న మంట) ఉన్నదే తీసుకోండి. మిగిలిన డబ్బు గాలిలో తేమ తీసే ఫిల్టర్‌కీ, నాజిళ్లకీ, షెడ్డు వైరింగుకీ ఉంచుకోండి. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను. విజయవాడ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతూ చవక మెషిన్లూ, ఖరీదైనవీ రెండూ వాడాను.

అసలు ప్లాస్మా కట్టర్ మీకు కావాలా అన్నది ముందు తేల్చుకోండి. స్క్వేర్ పైపు, యాంగ్లర్, ఫ్లాట్ పట్టీ తిన్నగా కోయడమే మీ పనిలో ఎక్కువ భాగమైతే, 4 అంగుళాల గ్రైండర్‌కు 1 ఎంఎం కటింగ్ డిస్క్ వేసి కోసిందే నయం. పైపు కోతల్లో ప్లాస్మా చేసే మేలు పెద్దగా లేదు, పైపు లోపలంతా స్లాగ్ (కరిగి గట్టిపడిన లోహపు మడ్డి) అంటుకుంటుంది. ఒకే డిజైన్ ముక్కలు యాభై కావాలంటే డ్రాయింగ్ ఫైలు పట్టుకుని లేజర్ కటింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లడం మేలు. చేత్తో యాభై ముక్కలు ఒకేలా రావు. ప్లాస్మా పనికొచ్చేది వంపులకూ, ప్లేటులో రంధ్రాలకూ, పాత రేకుల్లోంచి బొమ్మలు కోయడానికీ, గ్రైండర్ దూరని మూలల్లో పాత వెల్డింగ్ విడదీయడానికీ. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం కోయాలంటే గ్యాస్ కటింగ్ ఎలాగూ పనికిరాదు. గ్యాస్ కటింగ్‌లో ఇనుము ఆక్సిజన్‌లో కాలిపోవడం వల్లే కోత పడుతుంది, ఆ రెండు లోహాలు అలా కాలవు. ప్లాస్మాలో సన్నని నాజిల్ గుండా వచ్చే గాలిని ఆర్క్, అంటే కరెంటు దూకినప్పుడు పుట్టే మంట, కరెంటు పారే స్థితికి తెస్తుంది. ఆ వేడికి లోహం కరుగుతుంది, గాలి దాన్ని కిందికి ఊదేస్తుంది. కరెంటు పారే లోహం ఏదైనా తెగుతుంది. తోట బొమ్మలు, గేటు డిజైన్లు అన్నారు కాబట్టి మీకు ఇది పనికొచ్చే వస్తువే.

మీ ప్రశ్నలో నా కంట ముందు పడింది ఆ 16 యాంప్స్ సాకెట్. కట్-40, కట్-50 అనే పేర్లలో ఉన్న సంఖ్య టార్చ్ (చేత్తో పట్టుకుని కోసే గన్ను) దగ్గర వచ్చే యాంప్స్. గోడలోంచి లాగేది వేరే లెక్క. ప్లాస్మా మెషిన్ల ప్రమాణం ప్రకారం 40 యాంప్స్ దగ్గర ఆర్క్ వోల్టేజీ 96గా తీసుకుంటారు (80 + 0.4 × యాంప్స్). అంటే ఆర్క్‌లోకి పోయేదే దాదాపు 3.8 కిలోవాట్లు. చవక ఇన్వర్టర్లలో అయిదో వంతు వరకు వేడిగా పోతుందనుకోండి, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.7 చుట్టుపక్కల ఉంటుందనుకోండి. 230 వోల్టుల దగ్గర గోడలోంచి లాగేది 28 నుంచి 30 యాంప్స్. ఇదే లెక్క కట్-50కి వేస్తే 38, 39 వస్తుంది. మీ 16 యాంప్స్ సాకెట్ మీద దాన్ని పూర్తిగా తిప్పితే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది. పడకపోతే అది ఇంకా ప్రమాదం, ప్లగ్గు కరగడం మొదలవుతుంది.

అలాగని మెషిన్ వాడకుండా మూలన పెట్టాల్సిన పని లేదు. 20 యాంప్స్‌కు తగ్గించి నడిపితే గోడ నుంచి లాగేది 14 యాంప్స్ లోపే ఉంటుంది. ఆ 20 యాంప్స్‌తో 3 ఎంఎం ప్లేటు హాయిగా తెగుతుంది. పాత డ్రమ్ము రేకులు, 16 గేజ్ రేకులైతే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి మొదట కొన్నాళ్లు మీ సాకెట్ మీదే పని నేర్చుకోవచ్చు. ఆ తర్వాత మీటరు బోర్డు నుంచి షెడ్డుకు విడిగా 6 చదరపు ఎంఎం రాగి వైరు లాగించి, 32 యాంప్స్ ఎంసీబీ, ఇండస్ట్రియల్ ప్లగ్గు పెట్టించుకోండి. అంతకుముందు కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడ్ ఎంత ఉందో చూడండి. చాలా ఇళ్లకు అది 2, 3 కిలోవాట్లే ఉంటుంది. ప్లాస్మా, కంప్రెసర్ కలిపి నడపాలంటే అదనపు లోడ్‌కు దరఖాస్తు పెట్టాలి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ కూడా చూపించుకోండి. కంప్రెసర్‌ను మాత్రం వేరే సాకెట్‌కే పెట్టండి, రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద వద్దు.

మెషిన్ వెనక నేమ్‌ప్లేట్ మీద ‘ఐ1 మ్యాక్స్’, ‘ఐ1 ఎఫెక్టివ్’ అని రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది గోడలోంచి ఎక్కువలో ఎక్కువ ఎంత లాగుతుందో చెబుతుంది. రెండోది డ్యూటీ సైకిల్ కూడా లెక్కలోకి తీసుకున్న సంఖ్య, వైరు సైజుకు దాన్ని చూస్తారు. ఆన్‌లైన్‌లో ఈ ప్లేటు ఫొటో పెట్టని మెషిన్‌ను నేనైతే పట్టించుకోను. డ్యూటీ సైకిల్ కూడా అక్కడే ఉంటుంది: 40 యాంప్స్ దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కోయొచ్చు, నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి. హాబీ పనికి ఇది ఎక్కువే. మీ కంప్రెసర్ అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు ఆ కంప్రెసర్ సంగతి. 40 యాంప్స్ తరగతి టార్చ్‌కు 4.5 నుంచి 5 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర నిమిషానికి 120 లీటర్ల చుట్టుపక్కల గాలి కావాలి. కంప్రెసర్ మీద రాసి ఉండే సంఖ్య చాలాసార్లు పిస్టన్ పీల్చుకునే గాలి. ట్యాంకు నుంచి నిజంగా బయటికొచ్చేది దాంట్లో సుమారు మూడింట రెండొంతులు. మీ 1 హెచ్‌పీ యంత్రం నిమిషానికి 65 లీటర్లు ఇస్తుందనుకుందాం. 25 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 5 బార్‌కు దిగేలోపు నిల్వలోంచి 75 లీటర్ల గాలి వస్తుంది. నిమిషానికి 120 ఖర్చు, 65 రాబడి, తరుగు 55. అంటే దాదాపు 80 సెకన్లు కోయొచ్చు. ఆ తర్వాత ట్యాంకు నిండడానికి ఇంకో నిమిషం పైన ఆగాలి.

80 సెకన్లు అంటే తక్కువ అనిపిస్తుంది గానీ 3 ఎంఎం ప్లేటును 40 యాంప్స్‌తో నిమిషానికి మీటరు పైనే కోయొచ్చు. మీ పనికి ఇప్పుడున్నది సరిపోతుంది, కాస్త ఓపిక ఉంటే చాలు. గేజు 5 బార్ దగ్గరికి దిగగానే ఆపేయండి. తక్కువ ఒత్తిడితో కోస్తూ పోతే ఆర్క్ నాజిల్‌ను తినేస్తుంది. తర్వాత్తర్వాత డబ్బు కలిసొస్తే 2 హెచ్‌పీ బెల్టు కంప్రెసర్‌కు మారండి. కొందరు గాలి నిల్వ పెంచుకోవడానికి పాత వంటగ్యాస్ సిలిండర్‌ను ట్యాంకుగా తగిలిస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి. లోపల తేమ చేరి తుప్పు పడుతుంది, అది ఎంత పలచబడిందో బయటికి కనిపించదు. అదనపు ట్యాంకు కావాలంటే సేఫ్టీ వాల్వు, అడుగున డ్రెయిన్ ఉన్న గాలి ట్యాంకే కొనండి.

ప్రెషర్ సెట్ చేసే పద్ధతి చాలామంది తప్పు చేస్తారు. గాలి కదలకుండా ఉన్నప్పుడు రెగ్యులేటర్ 5 బార్ చూపిస్తుంది, ట్రిగ్గర్ నొక్కగానే 3కు పడిపోతుంది. మెషిన్ మీద ఎయిర్ టెస్ట్ స్విచ్ ఉంటే అది వేసి, గాలి పోతుండగానే 5కు సెట్ చేయండి. అలా వేసినా పడిపోతోందంటే సన్నని గొట్టమో, చవక క్విక్ కప్లరో అడ్డుపడుతున్నట్టే. 8 ఎంఎం లోపలి వ్యాసం కంటే సన్నని గొట్టం వాడొద్దు.

మీరుండేది సముద్రం పక్కన. అక్కడి గాలిలో తేమే చవక ప్లాస్మాకు అసలు శత్రువు. నీళ్లు కలిసిన గాలి టార్చ్‌లోకి వెళితే ఆర్క్ చిటపటలాడుతుంది, టార్చ్ లోపల ఆర్క్ పుట్టే ఎలక్ట్రోడ్ ఆయుష్షు సగానికి పడిపోతుంది, కోత అంచు గరుకుగా వస్తుంది. జనం మెషిన్ బాగోలేదని తిట్టుకుంటారు. మెషిన్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ గిన్నె ఫిల్టర్ నీటి బొట్లను మాత్రమే పడుతుంది, ఆవిరిని పట్టలేదు. పైగా కంప్రెసర్ పక్కనే తగిలిస్తే అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు బొట్టు కట్టే ముందే ఫిల్టర్ దాటిపోతుంది. కాబట్టి కంప్రెసర్ నుంచి కనీసం 8, 10 మీటర్ల గొట్టం వచ్చాక, గాలి చల్లబడ్డాక ఫిల్టర్ పెట్టండి. దాని తర్వాత సిలికా జెల్ నింపిన డ్రయ్యర్ ఒకటి పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ తాగేశాయని అర్థం. వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి, కాకపోతే వంటగిన్నెల్లో మాత్రం కాదు. పని అయ్యాక ట్యాంకు అడుగు డ్రెయిన్ విప్పండి. వానాకాలంలో ఎంత నీరు వస్తుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

ఇక మెషిన్ ఎంపిక. 16 ఎంఎం అన్న మాట పూర్తిగా అబద్ధమని అనను. ఎంత నెమ్మదిగానైనా సరే, అంచు ఎలా ఉన్నా సరే, చివరికి రెండు ముక్కలవుతుందన్న మందం అది. శుభ్రంగా కోసే మందం దాంట్లో సగం, కాస్త ఎక్కువ. ప్లేటు మధ్యలో రంధ్రం పొడిచి కోత మొదలుపెట్టాలంటే ఇంకా తగ్గుతుంది. మంచి కట్-40తో 6 ఎంఎం బాగా తెగుతుంది, 10 ఎంఎం నెమ్మదిగా తెగుతుంది, అంతకు మించితే పోరాటమే. మీరు చెప్పిన పనుల్లో 6 దాటేవి ఏమున్నాయి? అందుకే ఆ అదనపు 10 యాంప్స్‌కు డబ్బు పెట్టొద్దంటున్నాను.

అంతకంటే ముఖ్యమైంది ఆర్క్ ఎలా మొదలవుతుందన్నది. పైలట్ ఆర్క్ లేని మెషిన్‌లో టార్చ్ కొనను లోహానికి ఆనించాలి, అక్కడ కరెంటు పారితేనే ఆర్క్ పుడుతుంది. కొత్త శుభ్రమైన ప్లేటు మీద ఇబ్బంది లేదు. మీరు కోసేది పాత ఇనుము: తుప్పు, రంగు, తారు. అక్కడ అది వెలగడానికి మొండికేస్తుంది, ప్రతిచోటా గ్రైండర్‌తో గీకుతూ కూర్చోవాలి. జాలీ కోసేటప్పుడు ప్రతి కమ్మీ దగ్గరా ఆరిపోతుంది. పైలట్ ఆర్క్ ఉంటే టార్చ్‌లోనే చిన్న మంట ముందుగా పుడుతుంది, తగలకుండానే లోహం మీదికి దూకుతుంది. షాపులో దీన్ని తేల్చుకోవడం తేలిక: టార్చ్‌ను గాలిలో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కమనండి. నాజిల్ నుంచి మంట బయటికొస్తే పైలట్ ఉన్నట్టు. డబ్బా మీద ‘పైలట్’ అని రాసి ఉండి, గాలిలో మంట రాకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

పైలట్‌లోనూ రెండు రకాలున్నాయి. ఒకటి హై ఫ్రీక్వెన్సీ నిప్పురవ్వతో వెలిగేది, చవక మెషిన్లలో ఎక్కువగా ఇదే. ఆ రవ్వ రేడియో అలలు వెదజల్లుతుంది, దగ్గర్లోని ఎలక్ట్రానిక్స్‌ను తికమక పెడుతుంది. రెండోది బ్లోబ్యాక్: గాలి ఒత్తిడికి ఎలక్ట్రోడ్ వెనక్కి జరిగి ఆర్క్ పుడుతుంది, ఆ గోల ఉండదు. ఎప్పటికైనా సీఎన్‌సీ టేబుల్ (కంప్యూటర్ నడిపే కోత బల్ల) కట్టుకోవాలన్న ఆశ ఉంటే బ్లోబ్యాక్ కోసం కాస్త ఎక్కువ పెట్టొచ్చు. చేత్తో కోసుకోవడానికే అయితే హై ఫ్రీక్వెన్సీ పైలట్ చాలు.

హైపర్‌థెర్మ్ పవర్‌మ్యాక్స్, ఈసాబ్ కట్‌మాస్టర్ లాంటివి వాడి చూస్తే తేడా మొదటి కోతలోనే తెలుస్తుంది, అందులో సందేహం లేదు. వాటి ధర మాత్రం మీ బడ్జెట్‌కు అందేది కాదు. సెలవు రోజుల పనికి అంత పెట్టాల్సిన అవసరమూ కనిపించదు.

చవక మెషిన్ కొనేటప్పుడు నేను బ్రాండ్ కంటే ముందు టార్చ్ మోడల్ అడుగుతాను. పీటీ-31, ఏజీ-60, ఎస్-45, పీ-80 అని వస్తుంటాయి. నాజిల్, ఎలక్ట్రోడ్, సిరామిక్ కప్పు, గాలిని సుడి తిప్పే రింగు అరిగిపోయే వస్తువులు, నెలనెలా కాకపోయినా కొంటూనే ఉండాలి. అవి సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, విశాఖ గాజువాకలోనో దొరుకుతాయా అని ముందే కనుక్కోండి. దొరకని టార్చ్ ఉన్న మెషిన్ పదివేలు తక్కువకు వచ్చినా వద్దు. కొనే రోజే పది నాజిళ్లు, పది ఎలక్ట్రోడ్లు తీసుకోండి.

ఎలక్ట్రోడ్ రాగిదే గానీ దాని కొనలో హాఫ్నియం అనే లోహపు చుక్క ఉంటుంది. ఆర్క్ అక్కడి నుంచే పుడుతుంది. వాడేకొద్దీ ఆ చుక్క గుంట పడుతుంది. గుంట లోతు 1.5 ఎంఎం దగ్గరికి వచ్చిందంటే మార్చేయండి. ఇంకొన్ని కోతలు లాగుదామనుకుంటే అది పేలి నాజిల్‌నూ, ఒక్కోసారి టార్చ్ తలనూ తీసుకుపోతుంది. నాజిల్ రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందంటే కోత ఏటవాలుగా పడుతుంది. నాజిల్, ఎలక్ట్రోడ్ రెండూ కలిపి మార్చడమే చివరికి చవక. పైలట్ మంట బాగుందని గాలిలో ఊరికే వెలిగించి ఆడుకోకండి, అరుగుదల ఎక్కువయ్యేది అక్కడే. కోత అయ్యాక కొన్ని సెకన్లు గాలి వస్తూనే ఉంటుంది, అది టార్చ్‌ను చల్లార్చడానికి. అది ఆగకముందే మెయిన్ స్విచ్ ఆపేయొద్దు.

షాపుకు మీ సొంత ప్లేటు ముక్కలు తీసుకెళ్లండి: ఒకటి 6 ఎంఎం, ఇంకొకటి బాగా తుప్పు పట్టింది. వాళ్ల మెషిన్, వాళ్ల గాలి మీదే కోసి చూపించమనండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీలో టార్చ్ సాధారణంగా ఉండదు, అది అడిగి తెలుసుకోండి. బోర్డు పోతే బాగుచేసేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారో లేదో మీ వెల్డింగ్ మెషిన్ బాగుచేసే మెకానిక్‌నే అడగండి. ఇంటికి తెచ్చాక గ్రైండింగ్ పొడి దాని ఫ్యాన్‌లోకి పోకుండా దూరంగా పెట్టండి. ఇనుప పొడి బోర్డు మీద చేరితే షార్ట్ అవుతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి, వెచ్చదనానికి బల్లులు లోపల చేరతాయి. నవ్వొస్తుంది గానీ ఇన్వర్టర్ బోర్డులు పోవడానికి అదీ ఒక కారణమే.

కోత విషయం క్లుప్తంగా. ఎర్త్ క్లాంప్‌ను టేబుల్‌కు కాకుండా కోసే ముక్కకే, గీకిన చోట పెట్టండి. నాజిల్‌ను లోహానికి 2, 3 ఎంఎం ఎత్తున ఉంచాలి, చెయ్యి వణికితే స్ప్రింగ్ లాంటి స్టాండాఫ్ గైడ్ తగిలించుకోండి. నిప్పురవ్వలు అడుగు నుంచి కాస్త వెనక్కి వాలి పడుతుంటే వేగం సరిపోయినట్టు. పైకి ఎగజిమ్ముతున్నాయంటే తెగడం లేదు, వేగం తగ్గించండి. అడుగున లావుగా, సుత్తి తగిలిస్తే ఊడొచ్చే స్లాగ్ ఉంటే మీరు మరీ నెమ్మదిగా పోతున్నారు. సన్నగా, గట్టిగా అంటుకున్న గీతలాంటి స్లాగ్ ఉంటే మరీ వేగంగా. మధ్యలో రంధ్రం పొడిచేటప్పుడు టార్చ్‌ను వాల్చి మొదలుపెట్టి, తెగాక నిటారుగా లేపండి, లేకపోతే కరిగిన ఇనుము నాజిల్‌లోకే ఎగురుతుంది. ఇంకో చిన్న సంగతి: గాలి సుడి వల్ల టార్చ్ కదిలే దిశకు కుడివైపు అంచు నిటారుగా వస్తుంది, ఎడమవైపు కాస్త ఏటవాలుగా వస్తుంది. బొమ్మ బయటి గీత కోసేటప్పుడు ముక్క కుడిచేతి వైపు ఉండేలా, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పండి. లోపలి రంధ్రాలకు దీనికి వ్యతిరేకంగా తిప్పండి.

భద్రత గురించి మీకు వెల్డింగ్ అలవాటు ఉంది కాబట్టి తేడాలే చెబుతాను. టార్చ్‌లో ఆర్క్ లేనప్పుడు ఉండే వోల్టేజీ 250, 300 వరకు ఉంటుంది, వెల్డింగ్ మెషిన్‌లో ఉండే దానికి మూడు నాలుగు రెట్లు. నాజిల్ మార్చే ముందు ప్లగ్గు తీసేయండి, వానకు తడిసిన నేల మీద నిలబడి కోయొద్దు. 40 యాంప్స్ లోపు కోతలకు 5వ నంబరు షేడ్ కళ్లద్దాలు చాలు, ముఖానికి మాత్రం షీల్డ్ ఉండాలి. జీఐ రేకు (జింకు పూత ఉన్న రేకు) కోస్తే జింకు పొగ వస్తుంది, ఆ రాత్రికి చలిజ్వరం లాంటిది పట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ పొగ ఇంకా చెడ్డది. షెడ్డు రెండువైపులా తెరిచి, ఫ్యాన్ పక్క నుంచి పెట్టి, మాస్కు వేసుకోండి. పాత నూనె, పెట్రోలు, రసాయన డ్రమ్ములు మూత బిగించి ఉన్నవి ఎంత ఖాళీగా కనిపించినా ప్లాస్మా ఆనించొద్దు. లోపలి ఆవిరికి ఒక్క రవ్వ చాలు, డ్రమ్ము పేలిపోతుంది.

చివరికి మిగిలింది మూడూ ఒకే దాంట్లో వచ్చే మెషిన్ సంగతి. సీటీ-312 పేరుతో వచ్చేవాటిలో వెల్డింగ్, టిగ్ 120 యాంప్స్, కటింగ్ 30 యాంప్స్ ఉంటాయి. మీ దగ్గర 200 యాంప్స్ వెల్డింగ్ ఇప్పటికే ఉంది, కాబట్టి దాంట్లో మూడో వంతుకు మీరు ఊరికే డబ్బు కడుతున్నట్టు. కటింగ్ భాగానికి చాలావాటిలో పైలట్ ఆర్క్ ఉండదు, మీ తుప్పు ఇనుముకు అదే ముఖ్యం. పైగా ఒక బోర్డు పోతే మూడు పనులూ ఒకేసారి ఆగిపోతాయి. టిగ్ మీద నిజంగా మోజుంటే, దాన్ని వచ్చే ఏడాది విడిగా కొనుక్కోండి. ఆర్గాన్ సిలిండర్, రెగ్యులేటర్ ఖర్చు ఎలాగూ వేరే ఉంటుంది.